ఓనరుగారి సీటు

ఆ లాండ్రీలో మాటవరస మర్యాదలన్నీ అన్నయ్యకే జరిగేవి. ఇస్త్రీ రోలరు దగ్గర నిలబడే ఆడవాళ్లు, హోటళ్ల దగ్గర మూటలు దించుకునే కూలీలు, టైర్లకు గాలి కొట్టేవాడు, అందరూ ఆయన్ని "ఓనరుగారూ" అని పిలిచేవారు. పిలిచి, పక్కకు తిరిగి నవ్వుకునేవారు. ఎందుకంటే ఆ లాండ్రీలో ఒక సబ్బు బిళ్ల మీద కూడా ఆయనకు అధికారం లేదు. ఆయన ఓనరు ఒక్క వ్యానుకే. ఆ వ్యాను నడిపే భాగ్యం కూడా ఆయనకు లేదు. పొద్దున్న అది కదలకముందే ముందుసీట్లో ఎక్కి కూర్చోవడం, సాయంత్రం అది ఆగాక దిగడం, ఇంతే ఆయన ఉద్యోగం.

ఆ వ్యాను పక్కదేశం నంబరుది. అన్నయ్య ఆ దేశంలో చాలాకాలం దానిమీద కిటికీ అద్దాలు మోసి బతికాడు. ఒకసారి అద్దం పగిలి పెంకు కంట్లో గుచ్చుకుంది. కన్ను పోయింది, దాని వెనకే లైసెన్సూ పోయింది. బండి మాత్రం దిట్టంగా ఉంది. సరిహద్దుకు ఇవతల చెల్లెలూ ఆమె మొగుడూ హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీ పెట్టుకుని, అద్దె బండ్ల కోసం పరుగులు తీస్తూ తల ప్రాణం తోకకు తెచ్చుకుంటున్నారు. "ఒక్కడివీ అక్కడేం చేస్తావన్నయ్యా, బండి తీసుకుని వచ్చెయ్. నువ్వేం పని చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుందువుగాని" అని చెల్లెలు కబురు పెట్టింది. ఊరికే కూర్చోవడమన్న మాట ఆమె ఎంత నిజంగా అన్నదో అన్నయ్యకు వచ్చాకగాని అర్థం కాలేదు.

ఈ దేశంలో కాపురం ఉండేవాళ్లు పరాయి దేశం నంబరున్న బండి నడపకూడదు. నడుపుతూ దొరికితే బండి జప్తు. దానికి చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. బండి ఓనరు పక్కనే కూర్చుని ఉంటే నడపవచ్చు. ఆ ఓనరు మళ్లీ ఇక్కడ కాపురం ఉండేవాడు కాకూడదు, చుట్టపుచూపుగా వచ్చిపోయేవాడై ఉండాలి. పోనీ ఇక్కడి నంబరే వేయిద్దామా అంటే, ఆ ముసలి ఇంజను వదిలే పొగ చూసి ఇక్కడి తనిఖీవాళ్లు గేటులోకే రానివ్వరు. చెల్లెలి మొగుడికి చదువు పెద్దగా అబ్బలేదుగాని ఈ నాలుగు ముక్కలూ కంఠతా వచ్చు. "ఓనరు కూర్చోవాలనే రాశారు, కూర్చుని ఏం చెయ్యాలో రాయలేదు. మా బావగారు అందుకోసమే పుట్టినట్టున్నారు" అనేవాడు నలుగురిలో, బావగారు వినేట్టుగానే.

సరిహద్దుకు అవతల ఒక టైర్ల కొట్టు మీద అన్నయ్య పేరున ఒక గది ఉండేది. అప్పుడప్పుడూ వ్యానులో అక్కడికి వెళ్లి, తాళం తీసి, బూజు దులిపి, ఒక రాత్రి పడుకుని, మళ్లీ ఇటు వచ్చేవారు. కాగితాల ప్రకారం ఆయన కాపురం ఆ గదిలో. నిజానికి మూడేళ్లుగా ఆయన చెల్లెలి ఇంట్లో, ఉతికిన దుప్పట్ల అరల మధ్య, మడతమంచం మీద పడుకుంటున్నాడు. సరిహద్దు గేటు దగ్గర గుడిసెలో ఉండే ముసలాయన బండి పుస్తకం చూసేవాడు, ముందుసీట్లో మొహం చూసేవాడు, అడ్డకర్ర ఎత్తేవాడు. ఏనాడూ నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

అన్నయ్యంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే చెల్లెలు ఒంటికాలి మీద లేచేది. తల్లీ తండ్రీ పోయాక ఆమెకు జడ వేసి బడికి పంపింది అన్నయ్యే, ఆ సంగతి ఆమె నలుగురికీ చెప్పుకునేది కూడా. కాని ప్రేమ ప్రేమే, బండి బండే. ఒకసారి అన్నయ్యకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. ఆ రోజు మూడు హోటళ్లకు సరుకు వెళ్లాలి. చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఆయనకు రెండు దుప్పట్లు చుట్టి, తల పక్కకు వాలిపోకుండా మెడ వెనక ఒక తలగడ పెట్టి, సీటు బెల్టు బిగించింది. దారి పొడుగునా వెనకనుంచి చెయ్యి చాపి నుదురు తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. మొగుడు బండి నడుపుతూ, "కళ్లు తెరిచే ఉంచమను. చచ్చినవాణ్ణి తిప్పుతున్నామనుకుంటారు" అన్నాడు.

ఎండాకాలం మరీ ఘోరం. అటువైపు కిటికీ అద్దం కిందికి దిగదు, అది బాగుచేయించడానికి ఎప్పుడూ తీరిక దొరకదు. పొద్దున్న బయల్దేరేముందు ఆయన్ని నీళ్లు తాగనిచ్చేవారు కాదు. దారిలో ఆపమంటాడని చెల్లెలి మొగుడి భయం. అన్నయ్యకు అసలే నోట్లో నాలుక లేదు. అలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, ఉన్న ఒక్క కంటితో రోడ్డును చూస్తూ ఉండేవాడు. ఎర్ర దీపం దగ్గర బండి ఆలస్యంగా ఆగితే ఆయన కుడికాలు తనంతట తనే కిందకు నొక్కేది.

ఊళ్లోకెల్లా పెద్ద హోటలుకు వెనకవైపు ఒక పెరడు ఉంది. సరుకు దించడం అక్కడే. ఆ పెరట్లోకి తెరుచుకునే కిటికీ కుట్టుగదిది. చిరిగిన దుప్పట్లకు అతుకులు, ఊడిన గలేబులకు నాడాలు, వెయిటర్ల కోట్లకు బొత్తాలు, అన్నీ వేసేది ఒకావిడ. మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుండేది. అందరూ మిషనావిడ అనేవారు. కిటికీలో పని, కిటికీలో భోజనం, ప్రపంచమంతా కిటికీలోంచే.

ఒకరోజు చెల్లెలు వ్యాను వెనక నిలబడి తువ్వాళ్ల మూటలు లెక్కపెట్టుకుంటుంటే మిషనావిడ గొంతు వినిపించింది.

"మీరు ఎప్పుడూ దిగరేంటండీ? కాళ్లు లేవా?"

"ఉన్నాయండీ. నేను ఓనర్ని."

"ఓనరైతే కాళ్లు పనిచెయ్యవా?"

ఆ తర్వాత ఒక నవ్వు వినిపించింది. మగ గొంతు. ఎవరబ్బా అని చెల్లెలు మూట పక్కన పెట్టి తొంగిచూసింది. అన్నయ్య నవ్వుతున్నాడు. మూడేళ్లలో ఆ నవ్వు ఆమె వినలేదు. అందుకే పోల్చుకోలేకపోయింది. ఆమెకు సంతోషం వేసింది, ఆ మాట అబద్ధం కాదు. లెక్క తప్పిందని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చినందుకు చిరాకూ వేసింది.

నవ్వుతో మొదలైంది టీకి వచ్చింది. కిటికీలోంచి గ్లాసు అందేది. తర్వాత అన్నయ్య దిగడం మొదలుపెట్టాడు. ఆగి ఉన్న బండిలో ఓనరు ఉన్నా లేకపోయినా చట్టానికి ఒకటే కాబట్టి చెల్లెలి మొగుడు కూడా పట్టించుకోలేదు. సరుకు దించేలోగా అన్నయ్య కుట్టుగదిలో, అతుకులు వేసిన దుప్పట్లను చేతి ఇస్త్రీతో సాపు చేసేవాడు. ఆవిడ మిషను తొక్కుతూ ఏదో ఒకటి అంటూనే ఉండేది. "మీది ఒకటి, నావి రెండు. మూడు కళ్లతో ఒక సంసారం నడవదా?" అని ఆవిడే ఒకరోజు తేల్చేసింది.

ఆ సంగతి అన్నయ్య భోజనాల దగ్గర చెప్పాడు. చేతులు కడుక్కుని, తన కంచం తనే కడిగి బోర్లించి, తిరిగి వచ్చి కూర్చుని మరీ చెప్పాడు.

"చెల్లీ, నేను పెళ్లి చేసుకుందామనుకుంటున్నా. ఆ మిషనావిడని."

చెల్లెలి మొగుడికి నవ్వొచ్చి పొలమారింది. చెల్లెలు లేచి అతని నెత్తిమీద తట్టింది. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, అతను ఉన్నట్టుండి నవ్వడం మానేశాడు.

"చేసుకుని? ఎక్కడుంటారు?"

"ఆవిడ గదిలోనే. ఇక్కడే."

"అంటే ఇక్కడ కాపురం ఉంటారన్నమాట."

"ఇప్పుడు మాత్రం ఎక్కడుంటున్నాను బావా?"

చెల్లెలి మొగుడు కిటికీ వైపు చూసి, లేచి వెళ్లి దాన్ని మూసి వచ్చాడు. "ఇప్పుడు మీరిక్కడ ఉండట్లేదు. అర్థమైందా బావగారూ? వస్తున్నారు, పోతున్నారు. ఇక్కడి ఆవిణ్ణి చేసుకుంటే వచ్చిపోయేవాళ్లు కారు, ఇక్కడోళ్లు అవుతారు. ఇక్కడోడి పేరు మీద పరాయి నంబరు బండి ఉంటే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? బండి పోతుంది. బండి పోతే హోటళ్లు పోతాయి. మీ చెల్లెలు వీధిన పడుతుంది. తర్వాత మీ ఇష్టం."

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. పెళ్లి అనగానే ఆమె ఏమంటుందో అని ఆయన చూసిన చూపు అది. ఆమె బల్ల తుడవడం మొదలుపెట్టింది.

మర్నాడు చెల్లెలు చిరిగిన దుప్పట్లు చంకన పెట్టుకుని తనే కుట్టుగదికి వెళ్లింది. కూర్చోమనకముందే కూర్చుంది. అన్నయ్య మంచితనం గురించి రెండు మాటలు చెప్పి, ఆ తర్వాత అసలు పని మొదలుపెట్టింది. ఉన్న కన్ను కూడా మసక బారుతోందని, నిద్రలో అద్దం అద్దం అని అరుస్తాడని, పక్క తడిపిన రోజులూ ఉన్నాయని (అది నీళ్లు తాగనివ్వక, బండి ఆపనివ్వక తాము తెచ్చిపెట్టిన జబ్బన్న సంగతి చెప్పలేదు), చేతిలో ఏ పనీ లేదని. "ఇంట్లో పెట్టుకుని సాకుతున్నాం, తోడబుట్టినవాళ్లం కాబట్టి. మీకెందుకండీ ఈ కంచి గరుడ సేవ?"

మిషనావిడ తొక్కడం ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం పంటితో తెంపి అప్పుడు తలెత్తింది.

"ఆ మసక కంటితోనే కదా నన్ను చూశాడు. సరిపోద్ది నాకు. సాకుతున్నామంటున్నారు. ఆయనేమో మా చెల్లెలి బతుకు ఆగిపోకూడదని కూర్చుంటున్నానన్నాడు. మొన్న ఎండల్లో ఆ అద్దాల వెనక మనిషి ఉడికిపోతుంటే నేనీ కిటికీలోంచి చూశాను. మీరు వెనక మూటలు లెక్కపెట్టుకుంటున్నారు."

చెల్లెలికి చెంప మీద కొట్టినట్టయింది.

"బండి మీరే ఉంచుకోండి. మనిషిని నాకివ్వండి" అంది మిషనావిడ, ఇంకో దుప్పటి అందుకుంటూ.

చెల్లెలు ఆ రోజు ఇంటికొచ్చి, మడిచిన దుప్పట్లే మళ్లీ మడిచింది. మిషనావిడ మీద కడుపు రగిలిపోయింది. తిట్టినందుకు కాదు, తిట్టకుండా చెప్పినందుకు. కాని ఆ మాటల్లో ఒక దారి కూడా ఉందని రెండు రోజుల తర్వాత ఆమెకే తట్టింది. బండి వేరే, మనిషి వేరే చేయవచ్చు. బండిని ఇంకొకరి పేరున మార్చేస్తే సరి. సరిహద్దుకు అవతల ఆమె మరిది ఉన్నాడు. ఏ పనిలోనూ నెల నిలిచిన పాపాన పోలేదు. కూర్చోవడం తప్ప ఏమీ అక్కర్లేని ఉద్యోగమంటే ఎగిరి గంతేశాడు.

అన్నయ్య సంతోషానికి హద్దు లేదు. "మంచి ఆలోచన చేశావే చెల్లీ" అని పదిసార్లు అన్నాడు. చెల్లెలికి కూడా తనే దగ్గరుండి అన్నయ్య పెళ్లి చేస్తున్నంత గర్వంగా అనిపించింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లికి రోజు కుదిరింది. దానికి ముందురోజు అవతలికి వెళ్లి బండి పేరు మార్చి, సాయంత్రానికి తిరిగి వచ్చేయాలి. పేరు మార్చడానికి పాత ఓనరు స్వయంగా హాజరు కావాలి, అదీ నియమమే. నియమాలన్నీ అన్నయ్య ఒంటి మీదుగానే నడిచేవి.

ఆఫీసులో పని తేలిగ్గానే అయింది. అన్నయ్య వేలిముద్ర వేశాడు, సంతకం చేశాడు, గుమస్తాకు దండం పెట్టాడు. అక్కడినుంచి టైర్ల కొట్టుకు వెళ్లారు. ఇంక ఆ గదితో పనేముంది? చెల్లెలి మొగుడు ఖాళీ చేసేద్దామన్నాడు. అన్నయ్యే మెట్లెక్కి, రెండు జతల బట్టలూ, అమ్మానాన్నల ఫోటో, అద్దం కోసే ములికీ ఒక సంచిలో వేసుకుని దిగాడు. తాళంచెవి కొట్టువాడి చేతిలో పెట్టి, "పెళ్లి చేసుకుంటున్నానండీ" అన్నాడు. కొట్టువాడు నల్లటి చేతులు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ గదిలోకి తన తమ్ముడి కొడుకును తెచ్చుకుంటానని అక్కడికక్కడే చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో ముందుసీట్లో మరిది కూర్చున్నాడు. వెనక మూటల మీద అన్నయ్యా చెల్లెలూ. దారంతా మరిదికి పాఠం. చెల్లెలి మొగుడు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ అడిగేవాడు.

"ఎక్కడుంటావు?"

"అక్కడే, మా ఊళ్లో."

"బండి ఎవరిది?"

"నాదే."

"ఎందుకొస్తున్నావు?"

"మా అన్నయ్యని చూడ్డానికి."

"ఎన్నాళ్లుంటావు?"

మరిది తడుముకుంటే చెల్లెలు వెనకనుంచి అందించేది. "రెండు మూడు రోజులండీ అని చెప్పు. నసగకు." ఇలా ఒకసారి కాదు, మరిది విసుక్కునేదాకా చెప్పించారు. అన్నయ్య మూటకు జారగిలబడి ఆ తతంగం చూసి నవ్వుకుంటున్నాడు. మూడేళ్ల పాటు ఆ పాఠం తనది. ఇప్పుడు ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. బండి ఆయనది కాదు కాబట్టి ఆయన ఎవరికీ ఏమీ కాడు. ఆయనకు ఏం చెప్పాలో చెప్పి ఉంచాలన్న ఊహ ఆ బండిలో ఒక్క బుర్రకూ రాలేదు.

"కుట్టుగది వెనక గదికి రంగు వేసిందట" అన్నాడు అన్నయ్య చెల్లెలితో, గొంతు తగ్గించి. "నీలం. నాకు బాగా కనబడే రంగు ఏదని అడిగి మరీ వేసింది. రేపు నువ్వు ముందే రావాలి. నా తరఫు సాక్షి సంతకం నీదే."

"వస్తాలే" అంది చెల్లెలు. ఆమె కళ్లు చెమర్చాయి. ఆ క్షణంలో ఆమెకు అన్నయ్య తప్ప ఇంకేదీ పట్టలేదు.

గేటు దగ్గర గుడిసెలో ముసలాయన లేడు. ఆయన స్థానంలో ఒక యువతి ఉంది. యూనిఫాం గంజి కూడా పోలేదు. బండి పక్కన ఆపించి, అందర్నీ దిగమంది. మరిది పాఠం గడగడా అప్పజెప్పేశాడు. ఆ అమ్మాయి బండి పుస్తకం, అతని కార్డు పక్కపక్కన పెట్టి చూసి తలాడించింది. మొగుడూ పెళ్లాల కార్డులు చూసింది. ఆఖరికి అన్నయ్య వైపు తిరిగింది.

"మీరెక్కడుంటారండీ?"

అన్నయ్య మొహమంతా వెలిగిపోయింది. మూడేళ్లుగా గొంతులో అడ్డం పడ్డది తీసేసినట్టుంది ఆయనకు. "ఇక్కడేనండీ. రేపు పొద్దున్న నా పెళ్లి."

"పర్మిట్ ఏదీ?"

"ఏ పర్మిటండీ?"

"ఇక్కడ ఉండటానికి. ఎన్నాళ్లనుంచి ఉంటున్నారు?"

"మూడేళ్లయిందండీ."

ఆ అమ్మాయి పెన్ను టోపీ తీసింది. "మూడేళ్లు పర్మిట్ లేకుండా ఉన్నారా? ఎవరింట్లో? ఎవరు ఉంచుకున్నారో వాళ్లు కూడా జవాబు చెప్పాలి. ఏ బండిలో వచ్చి పోయారో అది కూడా." ఆమె వ్యాను వైపు చూసింది, తర్వాత చెల్లెలి మొగుడి వైపు చూసింది. "ఈయన మీకేమవుతారు?"

చెల్లెలి మొగుడు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "ఎవరో తెలీదండీ. దారిలో చెయ్యెత్తితే ఎక్కించుకున్నాం."

అన్నయ్య అతని వైపు తిరిగాడు. ఆ అమ్మాయి అంత తేలిగ్గా వదిలే రకం కాదు. చెల్లెలి దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, మీకు ఈయన తెలుసా?"

చెల్లెలికి ఎదురుగా అన్నయ్య. చంకలో ఏమీ లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. పక్కన బండి. తెలుసు అంటే ఇంట్లో ఉంచుకున్నది తను. మూడేళ్ల అబద్ధం తనది. బండి ఇక్కడే, ఈ గేటు దగ్గరే ఆగిపోతుంది, లాండ్రీ రేపు పొద్దున్నే మూతపడుతుంది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. ఇవన్నీ ఆలోచించుకున్నానని ఆమె తర్వాత తనకు తాను చెప్పుకుంది. నిజానికి ఆలోచన పూర్తికాకముందే మాట బయటికి వచ్చేసింది.

"లేదండీ. తెలీదు."

ఆ అమ్మాయి అన్నయ్య వైపు తిరిగింది. "మీకు వీళ్లు తెలుసా?"

అన్నయ్య చెల్లెలి మొహం వైపు చూశాడు. ఆ ఒక్క కన్ను ఆమె మీదినుంచి కదలలేదు. చెల్లెలు ఆ చూపునుంచి తప్పించుకోవడానికి కిందికి చూసింది.

"తెలీదండీ" అన్నాడు. "ఎండలో నిలబడితే పాపం ఎక్కించుకున్నారు. మంచివాళ్లు."

"మీరు ఇటు రావడం కుదరదు. వెనక్కి వెళ్లండి. మీ పేరు రాసుకుంటున్నాను, మళ్లీ ఇటు వస్తే కేసవుతుంది. మీ సామానేదైనా బండిలో ఉందా?"

"ఒక సంచి ఉందండీ."

చెల్లెలే బండెక్కి సంచి తెచ్చి ఇచ్చింది. అందులో ఫోటో అంచు ఆమె అరచేతికి తగిలింది. ఇచ్చేటప్పుడు ఏదో ఒకటి అనాలనుకుంది, పెదవులు కదిలాయి, ఆ అమ్మాయి అక్కడే ఉంది. అన్నయ్య సంచి అందుకుని, "శ్రమ ఇచ్చానండీ. వస్తాను" అన్నాడు. చిన్నప్పటినుంచి ఆమెను ఒసేయ్ అని, చెల్లీ అని పిలిచిన మనిషి. అండీ అన్నది అదే మొదటిసారి.

అడ్డకర్ర లేచింది. బండి ఇవతలికి వచ్చింది. చెల్లెలు మూటల మధ్య కూలబడి, నోట్లో చీర చెంగు కుక్కుకుని ఏడ్చింది. చాలాసేపటికి, "ఆ గది కూడా లేదు. తాళంచెవి ఇచ్చేశాం. ఎక్కడికి పోతాడు?" అంది.

"పోతాడు ఎక్కడికో. మగాడేగా" అన్నాడు మొగుడు.

"పోనీ ఆవిడకి చెబుదాం. ఆవిడే వెళ్లి తెచ్చుకుంటుంది."

అతను బండి వేగం తగ్గించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "తెచ్చుకోవాలంటే దరఖాస్తు పెట్టాలి. పెడితే అడుగుతారు, మూడేళ్లు ఎవరింట్లో ఉన్నాడని. ఆవిడ నోరు నీకు తెలుసు. నిజం చెప్పేస్తుంది. అప్పుడు గేటు దగ్గర నువ్వన్న మాట కూడా బయటికొస్తుంది. బావగారు మనకోసం అంత పెద్ద మనసు చేసుకుని చెప్పాడు. ఆయన మాట నిలబెట్టడం మన బాధ్యత కాదూ?"

ముందుసీట్లో మరిది ఈ గొడవేమీ పట్టకుండా కిటికీ అద్దం దిగదేమని పిడి తిప్పుతున్నాడు.

మర్నాడు పొద్దున్న వ్యాను హోటలు పెరట్లో ఆగింది. కుట్టుగది కిటికీ మూసి ఉంది. మిషనావిడ గుమ్మం బయటే, పెరట్లో, ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని నిలబడి ఉంది. మెడలో టేపు లేదు. చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. ముందుసీట్లో కొత్త మొహం చూసి, నవ్వుతూనే వెనకవైపు చూసింది. వెనకనుంచి చెల్లెలు ఒక్కతే దిగింది.

"ఏరీ?"

చెల్లెలు దారంతా మాటలు కూర్చుకుని వచ్చింది. "అన్నయ్య రాలేదండీ. అక్కడే ఉండిపోతానన్నాడు. అలవాటైన ఊరు కదా. ఈ వయసులో పెళ్లేంటని..."

"ఆయనన్నారా?"

"అవును."

"నాకు చెప్పమన్నారా?"

"చెప్పమన్నాడు. ఏమనుకోవద్దన్నాడు."

మిషనావిడ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. అరుస్తుందేమో, తిడుతుందేమో అని చెల్లెలు కాచుకుని ఉంది. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ అవేవీ చేయలేదు.

"ఎక్కడున్నారో చెప్పండి. నేనే వెళ్లి అడుగుతాను. టైర్ల కొట్టు మీద గది అన్నారు."

"ఆ గది ఖాళీ చేశాడండీ."

"మరి ఎక్కడ?"

"నాకు తెలీదు" అంది చెల్లెలు. అది నిజం కాబట్టి గొంతు వణకలేదు.

మిషనావిడ చాలాసేపు వ్యాను ముందుసీటు వైపు చూసింది. అన్నయ్య ఫోను లేని మనిషి. ఎప్పుడూ బండిలోనే ఉండేవాడికి ఫోనెందుకని చెల్లెలి మొగుడు ఏనాడూ కొననివ్వలేదు. ఆయనతో మాట్లాడాలంటే ఈ పెరట్లోకి ఈ బండి రావాలి. బండి వచ్చింది. ఆవిడ పొట్లం చెల్లెలి చేతిలో పెట్టింది.

"చొక్కా. కొలత చూడకుండా కుట్టాను, సరిపోతుందో లేదో. కనబడితే ఇవ్వండి."

ఆవిడ లోపలికి వెళ్లింది. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది. చెల్లెలు మూటలన్నీ దించింది, లెక్క అప్పజెప్పింది, లెక్క తప్పలేదు. తిరిగి బండెక్కేసరికి మరిది చొక్కా ముందంతా టీ ఒలికి తడిసిపోయి ఉంది. ఇంకా రెండు హోటళ్లకు వెళ్లాలి. ఇలా ఉంటే ఎవరైనా ఓనరనుకుంటారా అని మొగుడు విసుక్కుని, ఆమె ఒళ్లో ఉన్న పొట్లం చూశాడు.

"ఏంటది?"

"చొక్కా."

"కొత్తదేనా? ఇటివ్వు. వీడికి సరిపోతుంది."

చెల్లెలు పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కొంతసేపు అలాగే పట్టుకుంది. మొగుడు బండి స్టార్టు చేసి, అద్దంలోంచి ఆమె వైపు చూస్తూ ఉన్నాడు. ఆమె కాగితం విప్పి చొక్కా ముందుకు అందించింది. లేత నీలం రంగు. మరిది ఆ ఇరుకులోనే తడి చొక్కా విప్పి పారేసి, అది తొడుక్కుని, బొత్తాలు పెట్టుకున్నాడు.

"బాగానే ఉంది వదినా. చేతులే కొంచెం పొడుగు" అన్నాడు, చెయ్యి వెనక్కి చాపుతూ.

చెల్లెలు ముందుకు వంగి, ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుని, మణికట్టు దగ్గర చొక్కా చేతిని జాగ్రత్తగా రెండు మడతలు మడిచింది.